సాయంత్రం నాలుగున్నరకి వేలాడే పాదం: ఎం.ఎస్. పేషెంటు నడకకు కరెంటు సాయం, ఒక కేస్ స్టడీ

పేషెంటు వయసు 43. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్. హైదరాబాదు చిక్కడపల్లిలో రెండో అంతస్తులో కాపురం, లిఫ్ట్ లేదు. తొమ్మిదేళ్ల కిందట ఒకరోజు ఎడమ కన్ను మసకబారింది, కన్ను అటూ ఇటూ తిప్పితే నొప్పి. ఎమ్మారై, వెన్నునీటి పరీక్ష అయ్యాక మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.), అంటే మెదడు, వెన్నుపాములోని నరాల పైపొర చెడే జబ్బు అన్నారు. తర్వాతి ఆరేళ్లలో మూడు అటాక్‌లు వచ్చాయి, మూడుసార్లూ స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో దాదాపు మామూలైపోయారు. ఈ రెండేళ్లలో అటాక్ అని చెప్పుకోదగ్గది ఏదీ లేదు. అయినా కుడికాలు మెల్లమెల్లగా బరువెక్కుతూ వచ్చింది. న్యూరాలజిస్ట్ ఆరు నెలలకోసారి రిటుక్సిమాబ్ అనే మందు ఎక్కిస్తున్నారు. ఇది రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. గుర్తుపట్టేలా ఉండే వివరాలు ఒకటి రెండు మార్చాను.

సంక్రాంతి సెలవులు అయిపోయిన వారం, పొద్దున ఎనిమిదిన్నరకి వచ్చారు. మా క్లినిక్‌లో చెప్పులు గుమ్మం బయట విడవాలి. నడక సమస్యతో ఎవరు వచ్చినా మనిషికన్నా ముందు వాళ్ల చెప్పులు చూడటం నాకు అలవాటు. ఆమె కుడి చెప్పు ముందు భాగం, బొటనవేలి దగ్గర, ఏటవాలుగా అరిగిపోయి లోపలి స్పాంజి కనిపిస్తోంది. ఎడమది మాత్రం కొత్తగానే ఉంది. కొని నాలుగు నెలలే అయిందట.

చెప్పులు అంత స్పష్టంగా చెప్పినా ఆ రోజు నేను సరిగ్గా వినలేదు. లోపల ఏసీ, నున్నటి టైల్స్, వట్టికాళ్లు, రాత్రంతా నిద్రపోయి వచ్చిన మనిషి. 10 మీటర్లు నడిపించాను. 11.2 సెకన్లు. కుడి పాదం కొంచెం బద్ధకంగా లేస్తోంది కానీ లేస్తోంది. పాదాన్ని పైకి లేపే బలం ఐదుకి మూడుకన్నా కాస్త పైనే. పిక్క సాగదీసే వ్యాయామాలు, తుంటి ముందు కండరాలకి బలం పెంచేవి రాసిచ్చి, పాదాన్ని కరెంటుతో లేపే మెషిన్ గురించి ఇప్పుడే ఆలోచించక్కర్లేదన్నాను.

ఆమె అంతా విని, చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగారు.

"డాక్టర్ గారూ, పొద్దున నా కాలు బుద్ధిమంతురాలే. ఏడో పీరియడు అయ్యాక చూడండి దాని సంగతి."

ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఎం.ఎస్. పేషెంటును ఏ వేళప్పుడు పరీక్షించాలో నాకు పేషెంటే చెప్పాల్సి వచ్చింది.

ఏడో పీరియడు తర్వాత

రెండు రోజులకి స్కూలు వదలగానే ఆటోలో సరాసరి వచ్చారు. ఈసారి చెప్పులు విడవద్దన్నాను. ఏసీ గదిలో కాకుండా బయట వరండాలో నడిపించాను. అదే 10 మీటర్లకి 15.6 సెకన్లు పట్టింది. సెకనుకి 0.64 మీటరు అన్నమాట.

నంబరు కన్నా చప్పుడే ఎక్కువ చెప్పింది. ఎడమకాలు టప్ మని పడుతోంది. కుడికాలు ముందుకి వచ్చేటప్పుడు చెప్పు ముందు భాగం గచ్చు మీద గీసుకుంటూ 'స్‌ర్ర్' మంటోంది. పాదం నేలకి తగలకుండా కుడి నడుం పైకెత్తి, కాలిని పక్కనుంచి కొడవలిలా తిప్పి తెస్తున్నారు. చీర కుచ్చిళ్లు ఎడమ చేత్తో రెండంగుళాలు పైకి పట్టుకున్నారు. అది అలవాటుగా మారిపోయి ఆమెకే తెలియడం లేదు. నడిచిన వెంటనే మళ్లీ బలం చూస్తే ఐదుకి రెండే.

ఇలా అవడం ఎం.ఎస్. ఉన్నవాళ్లలో చాలామందికి అనుభవమే. నరం మీది మైలిన్ పొర చెడినచోట సంకేతం ఎలాగోలా దాటుతుంటుంది. వరసపెట్టి సంకేతాలు పంపినా, ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా అది మధ్యలోనే ఆగిపోతుంది. ఒళ్లు వేడెక్కితే చూపు మసకబారడాన్ని జర్మన్ కంటి డాక్టర్ ఊట్‌హాఫ్ 1890లోనే రాసి పెట్టాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. చల్లబడి, కాసేపు కూర్చుంటే మళ్లీ తేరుకుంటారు. అందుకే ఇంట్లోవాళ్లు కూడా "పొద్దున బాగానే ఉన్నావుగా" అంటారు. ఈ మాట ఈమె కూడా చాలాసార్లు పడ్డారు.

మూడు నెలల్లో ఎన్నిసార్లు పడిపోయారని అడిగితే "రెండు, మూడు" అన్నారు. వాళ్ల అబ్బాయి పక్కనుంచి లెక్క చెబితే ఐదు తేలింది: స్కూలు వరండా మెట్టు దగ్గర రెండుసార్లు, బస్టాపులో ఒకసారి, ఇంటి మెట్ల మీద ఒకసారి, రాత్రి బాత్రూములో ఒకసారి. ఒక్కటి కూడా మధ్యాహ్నం పన్నెండు లోపు జరగలేదు.

"కరెంటు ఇదివరకే పెట్టించుకున్నానండీ"

కాలికి కరెంటుతో సాయం చేయవచ్చు అనగానే ఆమె మొహంలో ఉత్సాహం పోయింది. అంతకుముందు ఏడాది ఒకచోట నెలరోజుల పాటు రోజూ వెళ్లి కరెంటు పెట్టించుకున్నారట. మంచం మీద పడుకోబెట్టి, మోకాలి కింద ప్యాడ్లు పెట్టి, పావుగంట సేపు పాదం టిక్కుటిక్కుమని ఎగిరేది. ఇంటికొస్తే కాలు ఎప్పటిలాగే.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. మన ఊళ్లో 'కరెంటు పెట్టడం' అనే ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు చికిత్సలు నడుస్తున్నాయి. నొప్పికి పెట్టేది వేరు, పడుకోబెట్టి కండరాన్ని ఆడించేది వేరు. నేను చెప్పేది ఫంక్షనల్ ఎలక్ట్రికల్ స్టిమ్యులేషన్, ఎఫ్.ఇ.ఎస్. ఇందులో కరెంటు ఎంత అన్నదానికన్నా ఎప్పుడు అన్నదే ముఖ్యం. మడమ నేల నుంచి లేచిన క్షణంలో మొదలై, కాలు ముందుకి వచ్చి మడమ మళ్లీ నేలను తాకేదాకా ఉండాలి. చెప్పులో మడమ కింద ఒక పల్చటి స్విచ్ ఆ కబురు అందిస్తుంది. 1961లో అమెరికాలో లిబర్సన్ అనే డాక్టరు పక్షవాతం వచ్చినవాళ్ల మీద మొదట చేసింది సరిగ్గా ఇదే. తర్వాత బ్రిటన్‌లో సాల్స్‌బరీ ఆస్పత్రి బృందం దీన్ని ఎం.ఎస్. వాళ్లకీ విరివిగా వాడింది. 2009 జనవరిలో అక్కడ చికిత్సలకి మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ మెదడు, వెన్నుపాము సమస్యల వల్ల పాదం వేలాడిపోయేవాళ్లకి దీన్ని వాడవచ్చని మార్గదర్శకం ఇచ్చింది.

'మెదడు, వెన్నుపాము' అన్నది గట్టిగా పట్టుకోవాల్సిన మాట. నడుం డిస్కు నరాన్ని నొక్కినందువల్లో, మోకాలి పక్క నరం దెబ్బతిన్నందువల్లో పాదం వేలాడితే ఈ మెషిన్ పనిచేయదు. కండరంలోకి వెళ్లే నరం చివరి భాగం బాగుండాలి, పైనుంచి ఆదేశం రావడమే ఆగి ఉండాలి. ఈమెకి మోకాలి కింద ప్యాడ్ పెట్టి కొంచెం కరెంటు ఇవ్వగానే పాదం చక్కగా లేచింది. పేస్‌మేకర్ లేదు, ఫిట్స్ లేవు, గర్భం లేదు, ఆ చోట చర్మం బాగుంది. మోకాలు చాచినప్పుడు చీలమండ దగ్గర పాదం ఎనిమిది డిగ్రీల దాకా పైకి వంగుతోంది, అంటే పిక్క బిగిసింది కానీ కురచబడలేదు. న్యూరాలజిస్ట్‌కి ఫోన్ చేస్తే సరేనన్నారు. ఎం.ఎస్.లో నడకకి ఇచ్చే ఫ్యాంప్రిడిన్ మాత్ర గురించి కూడా మాట్లాడుకున్నాం; కిడ్నీ పరీక్షలు చూసి దాని సంగతి విడిగా చూద్దామన్నారు, ఒకేసారి రెండూ మొదలుపెడితే ఏది పనిచేసిందో తేల్చలేం కాబట్టి.

పాదం వేలాడకుండా పట్టి ఉంచే స్ప్లింట్ ఎందుకు వాడలేదని అడుగుతారు. ఆమెకి ప్లాస్టిక్ స్ప్లింట్ ఉంది, బీరువా మీద. దాంతో కింద కూర్చోలేరు, చీర మీదికి వేసుకునే చెప్పులు పట్టవు, ఎండాకాలం లోపల చెమట. మెట్లెక్కేటప్పుడు చీలమండ వంగదు. కొందరికి అదే మంచిది, ముఖ్యంగా చీలమండ పక్కకి ఒరిగిపోయేవాళ్లకి. ఈమెకి మాత్రం కాదు.

ప్యాడ్ ఎక్కడ పెట్టాలి

మోకాలి బయటివైపు కింద వేలికి తగిలే ఎముక గుండు ఉంటుంది. దాని కిందనే, కాస్త వెనగ్గా నరం చర్మానికి చాలా దగ్గరగా వెళ్తుంది. ఒక ప్యాడ్ అక్కడ. రెండోది నాలుగైదు వేళ్ల కింద, కాలి ముందు కండరం మీద. రెండూ అయిదు సెంటీమీటర్ల చదరం. సెకనుకి 40 పల్సులు పెట్టి, కరెంటు సున్నా నుంచి మెల్లగా పెంచాను. 12 మిల్లీ ఆంపియర్ల దగ్గర చీమలు పాకినట్టుంది అన్నారు. 20 దగ్గర వేళ్లు కదిలాయి. 28 దగ్గర పాదం మొత్తం లేచింది, కానీ బయటివైపుకి తిరిగిపోయింది. అలా నడిస్తే లోపలి అంచు మీద పడతారు. పై ప్యాడ్‌ను అరంగుళం ముందుకి జరిపితే పాదం తిన్నగా లేచింది. బాల్‌పెన్‌తో ఆ ప్యాడ్ చుట్టూ గీత గీశాను. మొదటి రెండు వారాలు ఆమె ఆ గీత చెరగనివ్వలేదు, రోజూ మళ్లీ దిద్దుకునేవారు. లెక్కల టీచర్ కదా.

నడిపించబోతే ఇంకో చిక్కు. కరెంటు ఒక్కసారిగా రావడంతో పిక్క చటుక్కున సాగి, పాదం టకటకా వణకడం మొదలెట్టింది. ఎం.ఎస్.లో పిక్క బిగుసుకున్నవాళ్లకి ఇది మామూలే. కరెంటు ఒక్క కుదుపుతో కాకుండా అర సెకను పాటు మెట్లు ఎక్కినట్టు పెరిగేలా మార్చితే వణుకు ఆగిపోయింది. దిగేటప్పుడు కూడా అలాగే పెట్టాం, లేకపోతే పాదం నేల మీద చెంపదెబ్బలా పడుతుంది.

ఆ సాయంత్రమే మెషిన్‌తో 10 మీటర్లు 13.9 సెకన్లకి వచ్చింది. వరండా చివర ఆమె ఆగి, వెనక్కి తిరిగి, "చప్పుడు లేదు" అన్నారు.

క్లినిక్‌లో ఉన్న, ప్యాడ్లకి వైర్లు కలిపే మెషిన్ పెట్టె ఆరు వారాలకి ఇచ్చి పంపాను. కాలికి పట్టీలా చుట్టుకునే దిగుమతి మెషిన్లు సొగసుగా ఉంటాయి కానీ ధర లక్షల్లో ఉంటుంది. పనికొస్తుందో లేదో తేలకుండా ఎవరినీ కొనమనను. మొదటి రోజు పావుగంట, తర్వాత రోజుకో పది నిమిషాలు పెంచుకుంటూ పొమ్మన్నాను.

ఇంట్లో జరిగింది

రెండో వారం కాల్ వచ్చింది. మెషిన్ కరుస్తోంది, చర్మం మీద ఎర్రటి గీత పడింది అని. రమ్మని చూస్తే గీత ప్యాడ్ అంచు వెంబడే ఉంది. ప్యాడ్ సగం ఊడి, మిగిలిన కొంచెం చోటు నుంచే మొత్తం కరెంటు పోతే అంతే, మంట పుడుతుంది. ఎందుకు ఊడిందో అరగంట ఆలోచించాం. చివరికి ఆమే నవ్వారు. "ఇవాళ శుక్రవారం కదండీ."

శుక్రవారం తలంటు, ఒంటికి నూనె, కాళ్లకి పసుపు. నూనె చర్మం మీద జెల్ ప్యాడ్ ఎలా నిలుస్తుంది? పసుపు మానమని నేను చెప్పలేను, చెప్పినా వినరు. పసుపు పాదాలకే, మోకాలి కింద బెత్తెడు చోటుకి నూనె వద్దు, అంటించేముందు తడిగుడ్డతో తుడవాలి అని ఒప్పందం కుదిరింది. అప్పటి నుంచి మా సూచనల కాగితంలో నూనె, పసుపు గురించి ఒక లైను చేర్చాను. మెషిన్‌తో వచ్చే పుస్తకాల్లో ఆ లైను ఎందుకు ఉంటుంది?

చెప్పుల గొడవ ఇంకా పెద్దది. స్విచ్ మడమ కింద ఉండాలి, మనం ఇంట్లో వట్టికాళ్లతో తిరుగుతాం. పలచటి సాక్సులో స్విచ్ పెట్టి చూశాం, టైల్స్ మీద జారారు. ఇంట్లో చెప్పులు వేసుకోవడం వాళ్ల అత్తగారికి ససేమిరా ఇష్టం లేదు. దానికి తోడు కరెంటు భయం. క్లినిక్‌కి ఆవిడే స్వయంగా వచ్చారు.

"తడి చేతుల్తో గిన్నెలు కడిగే మనిషికి కాలికి కరెంటు కట్టి పంపుతారా నాయనా?"

పెట్టె మూత తీసి లోపలి బ్యాటరీ చూపించాను. గోడ ప్లగ్గుతో దీనికి సంబంధమే లేదమ్మా, స్నానానికి మాత్రం తీసేయాలి అన్నాను. ప్యాడ్లు ఆవిడ ముంజేతికి అంటించి కాస్త ఇచ్చాను. వేళ్లు తమంతట తామే లేచేసరికి పగలబడి నవ్వారు. చెప్పుల సమస్యకి పరిష్కారం కూడా ఆవిడే చెప్పారు: బయట తొక్కని కొత్త జత ఒకటి కొని ఇంట్లోకే ఉంచుకుంటే పర్లేదు, వంటింటి దాకా సరే, దేవుడి గదిలోకి మాత్రం వద్దు. వెనక పట్టీ ఉన్న రెండు జతలు కొన్నారు. రెంటికీ మడమ కింద స్విచ్ పట్టేలా చెప్పులు కుట్టే ఆయన చిన్న గాడి తీసిచ్చాడు.

స్కూల్లో వేరే సంగతి. స్టాఫ్ రూంలో కూర్చుని మడమ కొంచెం ఎత్తినా స్విచ్ నడుస్తున్నారనుకుని పాదాన్ని లేపుతుంది. ఒకరోజు క్లాసులో కుర్చీలో కూర్చుని పేపర్లు దిద్దుతుంటే పాదం ఆగకుండా ఆడిందట. ముందు బెంచీ పిల్ల "మేడమ్ తాళం వేస్తున్నారు" అంది. కూర్చోగానే పాజ్ బటన్ నొక్కడం ఆ రోజు నుంచి మర్చిపోలేదు.

నంబర్లు

పన్నెండో వారం ఏప్రిల్ మధ్యలో పడింది. ఒంటిపూట బడులు, పైగా పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్. పొద్దున్నుంచీ పేపర్లు దిద్ది సాయంత్రం నాలుగున్నరకి వచ్చారు, బయట నలభై డిగ్రీలు. మళ్లీ అదే వరండా, అవే చెప్పులు.

మెషిన్‌తో 10 మీటర్లు 13.1 సెకన్లు. మెషిన్ ఆపి, కాసేపు కూర్చోబెట్టి నడిపిస్తే 15.2. ఆరు నిమిషాల నడక జనవరిలో 196 మీటర్లు, ఇప్పుడు మెషిన్‌తో 241, మరుసటి రోజు అదే సమయానికి మెషిన్ లేకుండా 200. నడక గురించి పేషెంటే మార్కులు వేసుకునే పన్నెండు ప్రశ్నల పత్రం ఒకటుంది, అరవైకి ఎంత ఎక్కువైతే అంత కష్టం. అందులో 46 నుంచి 38కి తగ్గారు. ఈ మూడు నెలల్లో ఒక్కసారే పడ్డారు. రాత్రి, బాత్రూములో, మెషిన్ తీసేశాక.

ఇందులో నేను పేషెంటుకి దాచకుండా చెప్పింది 15.2 గురించి. జనవరిలో మెషిన్ లేకుండా 15.6, ఇప్పుడు 15.2. అంటే పన్నెండు వారాలు వాడినా కాలు దానంతటది నేర్చుకున్నది ఏమీ లేదు. పక్షవాతం వచ్చిన కొందరిలో మెషిన్ తీసేశాక కూడా కొంత మెరుగు నిలుస్తుంది. ఎం.ఎస్.లో అంత ఆశ పెట్టకూడదు. మెల్లగా ముదిరే రకం ఎం.ఎస్. ఉన్నవాళ్లతో బ్రిటన్‌లో చేసి 2009లో ప్రచురించిన పరీక్షలో కూడా ఇదే కనిపించింది: మెషిన్ పెట్టుకున్నంతసేపు నడక మెరుగైంది, మెషిన్ లేకుండా నడక వేగం పెరిగింది వ్యాయామం చేసిన గుంపులో. కాబట్టి మెషిన్ కళ్లజోడు లాంటిది, పెట్టుకుంటే కనిపిస్తుంది. వ్యాయామం ఎగ్గొట్టడానికి అది సాకు కాకూడదు. ఆమె మొదటి నెల ఎగ్గొట్టారు, నేను పట్టుకున్నాను.

అయితే ఏప్రిల్ అంకెను జనవరి అంకె పక్కన పెట్టి పోల్చడం కూడా పూర్తిగా న్యాయం కాదు. జనవరి సాయంత్రానికీ ఏప్రిల్ సాయంత్రానికీ హైదరాబాదులో ఉన్న తేడా ఈ జబ్బుకి చిన్నదేమీ కాదు. వానలు పడ్డాక జూలైలో మళ్లీ చూస్తే మెషిన్ లేకుండా 14.6 వచ్చింది. ఇందులో వ్యాయామం వాటా ఎంతో, చల్లదనం వాటా ఎంతో విడదీయడానికి ఒక్క మనిషి లెక్క చాలదు. ఇకనుంచి ఎం.ఎస్. పేషెంటు ఫైల్లో ప్రతి నడక పరీక్ష పక్కనా టైము, గది వేడి, కాళ్లకి ఏమున్నాయి అన్న మూడూ రాయాలని మా క్లినిక్‌లో పెట్టుకున్నాం.

ఆరు వారాలకే సొంతంగా వైరు పెట్టె కొనుక్కున్నారు. పొద్దున వాడరు. భోజనం అయ్యాక, ఐదో పీరియడుకి ముందు అంటించుకుని ఇంటికి చేరేదాకా ఉంచుతారు. స్కూటీ నడిపేటప్పుడు ఆపేయాలని చెప్పాను. ఆమె స్కూటీయే అమ్మేశారు. జెల్ ప్యాడ్లు నెలకో జత అవుతున్నాయి, రాత్రి రెండు చుక్కల నీళ్లు చల్లి ప్లాస్టిక్ కాగితం మీద పెడితే అంతకాలం వస్తాయి. వికలాంగుల హక్కుల చట్టం, 2016లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు స్పష్టంగా ఉందన్న సంగతి ఆమెకి తెలియదు. వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకి దరఖాస్తు పెట్టించాం. ఆదివారాలు సాయంత్రం సుందరయ్య పార్కులో ఒక రౌండు పూర్తిగా, బెంచీ మీద కూర్చోకుండా తిరుగుతున్నారు.

సెప్టెంబరు మొదటి వారంలో రివ్యూకి వచ్చారు. ఎప్పటిలాగే ముందు చెప్పులు చూశాను. కుడి చెప్పు ముందు గాళ్లు అలాగే ఉన్నాయి, మడమే అరిగింది, అరగాల్సినట్టు. ఎడమ చెప్పు తిప్పి చూశాను. బొటనవేలి దగ్గర అంచు, గోరు పట్టేంత, ఏటవాలుగా అరగడం మొదలైంది. ఆరు నిమిషాల నడకలో చివరి నిమిషం ఎడమ పాదం రెండుసార్లు గచ్చును గీకింది. ఆమె కూడా విన్నారు, నా వైపు చూశారు, ఇద్దరం ఏమీ అనలేదు. న్యూరాలజిస్ట్‌కి ఉత్తరం రాశాను, కొత్త ఎమ్మారై అవసరమేమో చూడమని, రెండు కాళ్లకీ పనిచేసే పెట్టె ప్రయత్నించవచ్చా అని. అపాయింట్‌మెంట్ పొద్దున పదిన్నరకి ఇస్తామన్నారట. సాయంత్రం నాలుగు తర్వాత ఇమ్మని ఆ ఉత్తరం కిందే ఇంకో లైను కలిపాను.